విజయనగరంలో బస ఎక్కడ? కోట పక్కనా, స్టేషన్ దగ్గరా, బైపాస్ మీదా, విశాఖలోనా

విజయనగరం చూడటానికి వచ్చేవాళ్లు చాలామంది విశాఖలో గది తీసుకుంటారు. పొద్దెక్కాక బయల్దేరి, మిట్టమధ్యాహ్నం ఎండలో కోట గోడ చూసి, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, సాయంత్రం నాలుగు కాకముందే తిరుగుముఖం పడతారు. ఊరు బాగుండే వేళలు రెండు: తెల్లవారుజామున పెద్దచెరువు గట్టు మీద నడక, సాయంత్రం ఎండ చల్లబడ్డాక కోట ముందు బజారు. ఆ రెండూ చేజార్చుకుని వెళ్లిపోయినవాళ్లు ఇక్కడ చూడటానికి ఏముందని అడగడంలో ఆశ్చర్యం లేదు. అందుకే ఒక్క రాత్రయినా ఊళ్లోనే ఉండమని మా గట్టి సలహా. ఇక ఊళ్లో ఎక్కడన్నది మీరు ఎందుకు వస్తున్నారు, ఎలా వస్తున్నారు, ఏ రోజుల్లో వస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు ఊరి అమరిక మనసులో పెట్టుకోండి. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి మంగళవారం నాడు విజయరామరాజు పేర కోటకు పునాది పడిందని చెబుతారు. అన్నీ విజయాలే కలిసొచ్చాయని ఊరివాళ్లు ఇప్పటికీ వేళ్లు మడిచి లెక్క చెబుతారు. కోట నలుచదరం, ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడల ఎత్తు 10 మీటర్లు. ముఖద్వారం తూర్పున ఉంది, దాన్ని నగర్‌ఖానా అంటారు. కోటకు పడమటి వైపున పెద్దచెరువు. కోట ముందు నుంచి బజారులోకి నడిస్తే 1885 నాటి గంటస్తంభం, మూడులాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి వస్తాయి. అమ్మవారి రెండో గుడి, వనంగుడి, రైల్వే స్టేషన్ దగ్గర ఉంది. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగాక అమ్మవారి విగ్రహం దొరికింది ఈ పెద్దచెరువులోనే. కాబట్టి చెరువునీ గుడినీ వేరుచేసి చూడటం కుదరదు. ఈ ఊరి కథ మొత్తం ఆ నీళ్ల చుట్టూనే నడిచింది.

స్టేషన్ నుంచి కోటకు ఆటోలో పది పదిహేను నిమిషాలు. బస పెట్టుకోదగ్గ చోట్లు ఊళ్లో మూడు: ఒకటి స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) ప్రాంతం; రెండోది కోట, మూడులాంతర్లు, గంటస్తంభం ప్రాంతం; మూడోది కలెక్టరేట్, బైపాస్ వైపు. ఊరి బయట విశాఖ, భీమిలి ఉన్నాయి. నీళ్లే కావాలనుకునేవాళ్లకు తాటిపూడి జలాశయం ఉంది.

స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర

రైల్లోనో బస్సులోనో వచ్చి, ఒక రాత్రి ఉండి వెళ్లేవాళ్లకు ఇదే సుఖం. లాడ్జీలు ఎక్కువ, కాబట్టి ఒకటి నచ్చకపోతే పక్కదానికి నడిచి వెళ్లొచ్చు. తెల్లవారుజామున దిగినా టీ, ఇడ్లీ దొరుకుతాయి. రామతీర్థం, నెల్లిమర్ల, శృంగవరపుకోట, బొబ్బిలి, విశాఖ బస్సులన్నీ కాంప్లెక్స్ నుంచే బయల్దేరతాయి.

ఇక్కడ ఇబ్బంది మోత. విజయనగరం జంక్షన్ హౌరా–చెన్నై ప్రధాన లైను మీద ఉంది. పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. గూడ్సు బళ్లు రాత్రంతా నడుస్తూనే ఉంటాయి. కాంప్లెక్స్ వైపు గదుల్లో బస్సుల హారన్లు తెల్లవారకముందే మొదలవుతాయి. అందుకని గది అడిగేటప్పుడు "రోడ్డు వైపు వద్దు, వెనకవైపు ఇవ్వండి" అని ముందే చెప్పాలి. వెనకవైపు గదికి కిటికీ ఉందో లేదో కూడా చూడాలి. కొన్ని లాడ్జీల్లో వెనక గదుల కిటికీలు పక్క బిల్డింగు గోడకు ఆనుకుని తెరుచుకుంటాయి. అలాంటి గదుల్లో రెండో రోజుకే చెమ్మ వాసన తెలిసిపోతుంది.

రైలు ఎంచుకునేటప్పుడు ఒక మాట. హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు విశాఖ వరకు ఉన్న రైళ్లే వెతుకుతారు. ఒడిశా, బెంగాల్ వైపు వెళ్లే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి వెళ్లకుండా దువ్వాడ నుంచి నేరుగా విజయనగరం వచ్చేస్తాయి. అందుకే గమ్యంలో విజయనగరం కోడ్, వీజెడ్ఎం, పెట్టి విడిగా వెతకండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటివి విశాఖతోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి రైలు మార్గాన 61 కిలోమీటర్లు, అటూ ఇటూగా గంట. విశాఖ ద్వారకా బస్ స్టేషన్ నుంచి మద్దిలపాలెం, ఆనందపురం మీదుగా నాన్‌స్టాప్ బస్సులు కూడా ఉన్నాయి. ట్రాఫిక్‌ని బట్టి గంటన్నర పడుతుంది. సామాను ఎక్కువుంటే రైలు మేలు, చేతి సంచీతో వస్తే బస్సు మేలు. బస్సయితే టైము కోసం చూడక్కర్లేదు.

కోట, మూడులాంతర్లు, గంటస్తంభం

ఊరు చూడటానికే వస్తున్నవాళ్లకు, నడవగలిగినవాళ్లకు మేం చెప్పేది ఈ ప్రాంతమే. కోట, గుడి, గంటస్తంభం, చెరువు గట్టు, గురజాడ అప్పారావుగారి ఇల్లు, 1919లో పెట్టిన సంగీత కళాశాల, ఇవన్నీ ఆటో ఎక్కకుండా చూడొచ్చు. ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల, సుశీల చదివింది అక్కడే. సాయంత్రం ఇల్లు చేరే తొందర లేకుండా, పొద్దున్నే ఎవరూ లేవకముందే లేచి తిరగడానికి వీలయ్యే చోటు ఊళ్లో ఇంకొకటి లేదు.

కాకపోతే ఇక్కడ గదులు తక్కువ. ఉన్నవీ చాలావరకు పాతవి. లిఫ్టు లేని బిల్డింగులు, నిటారు మెట్లు మామూలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వస్తే మొదటి అంతస్తుకు మించి ఒప్పుకోవద్దు. సందులు ఇరుకు, కారు పెట్టుకునే చోటు దొరకదు. "పార్కింగ్ ఉందండీ" అంటే లోపల ఎన్ని బళ్లు పడతాయి, రాత్రి తాళం వేస్తారా, పొద్దున్నే బయటికి తీయాలంటే వెనక పెట్టినవాళ్లని లేపాలా అని అడగండి. రోడ్డు మీద పెట్టుకోమంటే పార్కింగ్ లేనట్టే. మంగళవారం పైడితల్లి అమ్మవారి రోజు. మైకులు పొద్దున్నే మొదలవుతాయి, గుడి వీధి రద్దీగా ఉంటుంది. దర్శనం కోసం వచ్చేవాళ్లకు అదే కావాలి. నిద్ర కోసం వచ్చేవాళ్లు మరో రోజు పెట్టుకోవాలి.

ఇక చెరువు కనిపించే గది సంగతి. బుకింగ్ సైట్లలో ఆ ఫోటో చూసి మోజు పడేవాళ్లు ఉంటారు. పెద్దచెరువు ఊరి మధ్య చెరువు, కొండల్లోని సరస్సు కాదు. ఊరి నీళ్లు కొన్ని అందులోకే చేరతాయి. గుర్రపుడెక్క పెరుగుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీళ్లు తగ్గినప్పుడు గట్టు వైపు కిటికీ తెరిస్తే వాసన వస్తుంది. వానలు పడి చెరువు నిండాక వాసన పోతుంది కానీ దోమలు వస్తాయి. కాబట్టి గట్టుకు ఎదురుగా గది కోసం ఎక్కువ డబ్బులు పెట్టకండి. గట్టుకు ఒకటి రెండు వీధులు ఇవతల, కోటకు నడిచే దూరంలో గది తీసుకోండి. చెరువు దగ్గరికి పొద్దున, సాయంత్రం మీరే నడిచి వెళ్లండి. చెరువు అందం గట్టు మీదుంది, గది కిటికీలో లేదు.

దోమల మాట వచ్చింది కాబట్టి అది పూర్తిగా చెప్పుకుందాం, ఎందుకంటే ఈ ప్రాంతంలో గది బాగోగులు చాలావరకు దీంతోనే తేలిపోతాయి. గదిలోకి వెళ్లగానే చూడాల్సింది పరుపు కాదు, కిటికీ జాలీ. జాలీ ఉందా, మూల చిరిగిందా, చట్రానికీ గోడకీ మధ్య సందు ఉందా? తర్వాత బాత్రూం వెంటిలేటరు. అద్దం పలకలు అడ్డంగా పేర్చిన పాత వెంటిలేటర్లకు జాలీ ఉండదు, దోమలన్నీ దాని గుండానే వస్తాయి. బాత్రూం తలుపు ఎప్పుడూ వేసే ఉంచండి. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా కిటికీలు, తలుపులు మూసేయండి, దోమలు లోపలికి చేరేది ఆ రెండు గంటల్లోనే. ప్లగ్‌కు పెట్టే దోమల మందు మంచం తలవైపు పనిచేసేలా సాకెట్ ఉందో లేదో చూసుకోండి. చాలా గదుల్లో సాకెట్ టీవీ దగ్గర ఒక్కటే ఉంటుంది, మందు పొగ మంచం దాకా రాదు. చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చుకుంటే ఈ గొడవ తీరిపోతుంది. పసిపిల్లలు ఉంటే మడతపెట్టే దోమతెర తప్పదు.

కలెక్టరేట్, బైపాస్ వైపు

సొంత కారులో, ఇంటిల్లిపాదీ కలిసి, సామానుతో వచ్చేవాళ్లకు ఇటువైపు బాగుంటుంది. బిల్డింగులు కొత్తవి, లిఫ్టు ఉంటుంది, కారు గేటు లోపలే పెట్టుకోవచ్చు. రామనారాయణం గుడి, రామతీర్థం, తాటిపూడి ఇలా చుట్టుపక్కల తిరిగే ఉద్దేశం ఉంటే ఊరి ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా బయటపడొచ్చు. శ్రీకాకుళం వైపు నుంచి కారులో వచ్చేవాళ్లు నాతవలస దగ్గర జాతీయ రహదారి 16 దిగి ఊళ్లోకి రావాలి.

ఇక్కడ చూసుకోవాల్సింది కల్యాణ మండపం. కొత్త హోటళ్లలో చాలావాటికి కిందో పక్కనో ఫంక్షన్ హాలు ఉంటుంది. ముహూర్తం రోజున డీజే, బాణసంచా, తెల్లవారుజామున మంగళవాయిద్యాలు అన్నీ మీ గదిలోనే ఉన్నట్టు వినిపిస్తాయి. పైగా పెళ్లివాళ్లు గదులన్నీ గుత్తకు తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో విడిగా బుక్ చేసుకున్న ఒక్క గదివాళ్లకు ముందురోజు ఫోన్ చేసి "గది ఖాళీ లేదండీ" అని చెప్పేస్తారు. దీనికి మందు పంచాంగం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం ముహూర్తాల నెలలు. ఆ రోజుల్లో వస్తే హాలు లేని హోటలు చూసుకోండి, లేదా హోటలుకు నేరుగా ఫోన్ చేసి ఆ తేదీకి పెళ్లి బుకింగ్ ఉందా అని అడగండి. ఆషాఢంలో, పుష్యంలో, మూఢంలో గదులు తేలిగ్గా దొరుకుతాయి, ధర కూడా కాస్త దిగుతుంది. పుష్యమాసం మంచి వాతావరణంలోనే వస్తుంది. సంక్రాంతి మూడు రోజులు వదిలేస్తే చూడటానికి వచ్చేవాళ్లకు అంతకంటే అనువైన కాలం లేదు.

రాత్రి తొమ్మిది దాటాక ఇటువైపు షేర్ ఆటోలు ఉండవు. ఊళ్లోంచి తిరిగి రావాలంటే ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. సొంత బండి లేనివాళ్లు ఈ వైపు రాకపోవడమే మంచిది.

విశాఖలో ఉండి వచ్చిపోవడం

గదుల ఎంపికలో విశాఖకు సాటి లేదు. సముద్రం కూడా చూడాలి, విజయనగరం అందులో ఒక పూట మాత్రమే అనుకునేవాళ్లకు అదే సరి. రోడ్డు మార్గాన 60 కిలోమీటర్లు ఉంటుంది. అయితే వస్తే పొద్దున ఆరుకే బయల్దేరండి. లేదంటే మధ్యాహ్నం రెండుకు బయల్దేరి సాయంత్రం చూసుకుని రాత్రికి వెళ్లండి. పదింటికి బయల్దేరి పన్నెండింటికి చేరడం మాత్రం వద్దు. ఆ వేళకు గుళ్లు మూసే సమయం, ఎండ నడినెత్తి మీద, చెరువు గట్టు మీద నీడ ఉండదు.

భీమిలిలో ఉండటం మధ్యేమార్గం. సముద్రమూ ఉంటుంది, విజయనగరం దూరమూ తగ్గుతుంది. కాకపోతే సొంత బండి ఉన్నవాళ్లకే.

నీళ్ల పక్కన ప్రశాంతంగా పడుకోవాలన్నదే కోరికైతే, ఊళ్లో పెద్దచెరువు మీద ఆ ఆశ పెట్టుకోకండి, తాటిపూడి వైపు చూడండి. గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద 1960ల్లో కట్టిన జలాశయం ఇది. విశాఖకు తాగునీళ్లు ఇక్కడి నుంచి కూడా వెళ్తాయి. చుట్టూ కొండలు, బోటు షికారు ఉంటుంది. విజయనగరం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ భోజనానికి బయట పెద్దగా ఏమీ దొరకదు, చీకటి పడ్డాక తిరుగుబండి కష్టం. కారు ఉండాలి, రాత్రి భోజనం గది తీసుకున్నప్పుడే చెప్పి ఉంచాలి. చరిత్ర కోసం వచ్చేవాళ్లకు తాటిపూడి పనికిరాదు, చరిత్ర చూశాక సేద తీరడానికి పనికొస్తుంది.

గది ఖాయం చేసే ముందు

మొదటి ప్రశ్న చెక్అవుట్ టైము. చిన్న ఊళ్ల లాడ్జీల్లో ఇప్పటికీ 24 గంటల పద్ధతి ఉంటుంది, అంటే మీరు దిగిన టైము నుంచి లెక్క. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం 12 పద్ధతి. రాత్రి రైలెక్కి పొద్దున అయిదింటికి దిగేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. 12 గంటల హోటల్లో అయిదింటికి గది తీసుకుంటే ఏడు గంటలు ఉన్నందుకే ఒక రోజు అద్దె అయిపోతుంది. 24 గంటల లాడ్జీలో అదే గది మర్నాడు పొద్దున అయిదు దాకా మీదే. కాబట్టి తెల్లవారుజామున దిగేవాళ్లు 24 గంటల చోటు చూసుకోండి, మధ్యాహ్నం దిగేవాళ్లు ఏదైనా ఒకటే. బుకింగ్ సైట్లో 12 అని రాసి ఉన్నా, నేరుగా వెళ్తే 24 గంటలకు ఇచ్చే చోట్లున్నాయి. ఫోన్ చేసి అడగడంలో నష్టం లేదు.

రెండోది పన్ను. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. 1,500 గదికి పన్నుతో 1,575 అవ్వాలి. ఎవరైనా ఇంకా 12 శాతం వేసి 1,680 అడిగితే బిల్లు మీద జీఎస్టీ నంబరు, శాతం చూపించమనండి. జీఎస్టీ నమోదు లేని చిన్న లాడ్జీ అసలు పన్నే వేయకూడదు.

కరెంటు పోతే జనరేటర్ మీద ఏం నడుస్తాయో అడగండి. "జనరేటర్ ఉంది" అన్న మాటతో సరిపెట్టుకుంటే ఏప్రిల్, మే నెలల్లో తల ప్రాణం తోకకొస్తుంది. చాలాచోట్ల ఫ్యాను, లైటు మాత్రమే నడుస్తాయి, ఏసీ ఆగిపోతుంది. లిఫ్టు నడుస్తుందో లేదో కూడా అడగాలి. వేన్నీళ్లు గదిలో గీజరుతోనా, పైన సోలార్ నుంచా? సోలార్ అయితే మబ్బు పట్టిన రోజు ఉండవు, ఎండ రోజైనా పొద్దున ఎనిమిది దాటితే ముందు లేచినవాళ్లు వాడేసి ఉంటారు. కొళాయి తిప్పి ఒక నిమిషం ఆగి నీటి రంగు చూడండి. బోరు నీళ్లలో సబ్బు నురగ రాకపోతే తలస్నానం కష్టం. ఇవన్నీ డబ్బు కట్టకముందు చేసుకోవాలి, కట్టాక గది మార్చమంటే ఎవరూ మార్చరు.

ఆధార్ అందరు పెద్దవాళ్లదీ అడుగుతారు, ఒక్కరిది చాలదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు వెంట ఉంటే ముందే చెప్పండి. వాళ్ల వివరాలు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో నమోదు చేయాల్సిన బాధ్యత హోటలుది. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు రాత్రిపూట గుమ్మం దగ్గరే కాదనేస్తాయి.

ఒకటిన్నర రోజు ఎలా వాడుకోవాలి

మధ్యాహ్నానికి గది చేరి, మూడున్నర నుంచి నాలుగుకు బయటపడండి. కోట లోపల విద్యాసంస్థలు నడుస్తున్నాయి కాబట్టి తోచినట్టు లోపలికి వెళ్లడానికి లేదు. గేటు దగ్గర అడిగి, చెప్పినంత మేరకే తిరగాలి. నగర్‌ఖానా ద్వారం మాత్రం ఎదురుగా నిలబడి తీరుబడిగా చూడండి. చాలామంది దాని కిందినుంచి నడిచిపోతారు కానీ తలెత్తి చూడరు. రాజస్థానీ తీరున ఉంటుంది, ఈ ప్రాంతంలో అలాంటి ద్వారం అరుదు. తర్వాత గంటస్తంభం. 68 అడుగుల ఎత్తు, ఎనిమిది పలకలు. దాని చుట్టూ ఉన్న బజారు దాటి గుడి. ఆపైన చెరువు.

చెరువు దగ్గర టైము తప్పిపోయేది హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకే. అక్కడికంటే ఇక్కడ సుమారు 20 నిమిషాలు ముందే పొద్దు వాలుతుంది. డిసెంబర్‌లో అయిదున్నర లోపే అయిపోతుంది. కాబట్టి అయిదుకల్లా కోట వైపు గట్టు మీద ఉండాలి. చెరువు కోటకు పడమరన ఉంది కాబట్టి పొద్దు నీళ్ల మీదుగా వాలడం ఆ వైపు నుంచే కనిపిస్తుంది. తెల్లవారి వెళ్లేవాళ్లు అవతలి గట్టు మీద ఉంటే కోట వైపు నుంచి వెలుగు వస్తుంది. వానాకాలంలో గట్టు మట్టి జారుతుంది, చెప్పులకంటే బూట్లు మేలు.

మర్నాడు పొద్దున రామతీర్థం. ఊరికి 12 కిలోమీటర్ల చిల్లర దూరం. కొండ కింద రామస్వామి గుడి, పక్కనే గురుభక్తకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, దుర్గకొండ మీద జైన ఆనవాళ్లు. కొండ ఎక్కాలంటే తొమ్మిదిలోపు ఎక్కేయాలి. పైన నీళ్లు దొరకవు, మనిషికి ఒక లీటరన్నా పట్టుకెళ్లండి. విల్లు, బాణం ఆకారంలో కట్టిన రామనారాయణం కోరుకొండ రోడ్డులో ఉంది. అది దీపాల వెలుగులో చూడాల్సిన చోటు, పగలు వెళ్తే సగమే చూసినట్టు. మొదటిరోజు చెరువు తర్వాత వెళ్లడమే సరైన వరస. తిరిగి వెళ్లేటప్పుడు భీమాళి మామిడి తాండ్ర కొనుక్కోండి. పొర విడదీసి చూడండి, వేలికి అంటుకుని సాగితే పంచదార ఎక్కువ కలిపినట్టు.

సిరిమానోత్సవానికి వస్తే

పై లెక్కలన్నీ మామూలు రోజులవి. పైడితల్లి అమ్మవారి జాతర అయిన సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి రైతులకు విత్తనాలు పంచుతారు. మంగళవారం సాయంత్రం 50, 60 అడుగుల చింతమాను చివర పూజారి కూర్చుని, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. మానుకు ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఆ జనంలో వాహనం కదలదు.

ఆ రోజుల్లో కోట, గుడి దగ్గర గది దొరికితే వదులుకోవద్దు. అయితే సోమవారం మధ్యాహ్నానికే గదిలో ఉండాలి. మంగళవారం పొద్దున సామాను మోసుకుని ఆ దారిలో వెళ్లడం జరిగే పని కాదు, అదే రాత్రి సామానుతో బయటపడటమూ జరగదు. రెండు రాత్రులు తీసుకుని బుధవారం పొద్దున కదలండి. స్టేషన్ దగ్గర గదైతే నడిచి రాగలరు, అది కూడా మంచి ఎంపికే. బైపాస్ వైపు ఉన్నవాళ్లు కారు అక్కడే వదిలేసి రావాలి. విశాఖ నుంచి ఆ రోజు వచ్చిపోదామనుకునేవాళ్లకు మేం వద్దనే చెబుతాం. ఆర్టీసీ అదనపు బస్సులు వేసినా, ఊరేగింపు అయ్యాక కాంప్లెక్స్‌లో పిల్లలతో బస్సెక్కడం సాహసమే. జనం ఎక్కువై ఫోన్ సిగ్నల్ ఆగిపోతుంది, యూపీఐ పనిచేయదు. నోట్లు దగ్గర పెట్టుకోండి, పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలకు ఇంకో దారి ఉంది, దాని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. సిరిమానోత్సవం తర్వాతి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం. అమ్మవారు హంసలా తీర్చిన తెప్పలో చెరువు మీద తిరుగుతుంది. మానును చూసే అవకాశం ఉండదు, నిజమే. కానీ అమ్మవారినీ చెరువునీ ఒకేచోట చూడొచ్చు, జనం తక్కువ, గది దొరకడం ఎంతో తేలిక. చెరువు కోసమే ఈ ఊరు రావాలనుకునేవాళ్లు ఆ మంగళవారానికి రండి.

ఏ మంగళవారమైనా అది తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ తీరం దాటింది అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11న. అందుకని డబ్బు వెనక్కి ఇచ్చే బుకింగే చేసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. బయల్దేరడానికి మూడు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తూ ఉండండి. అల్పపీడనం వాయుగుండంగా మారిందని తెలిస్తే రద్దుకు గడువు ఎన్ని గంటలుందో ఆ రోజే చూసుకోండి. చాలా హోటళ్లలో ఆ గడువు చేరే రోజుకు 24 లేదా 48 గంటల ముందే ముగిసిపోతుంది.